బ్లడ్ క్యాన్సర్‌లో వంశపారంపర్య జన్యు పరీక్ష: ఎవరికి, ఎప్పుడు, ఏ శాంపిల్‌తో?

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి వంశపారంపర్య జన్యు పరీక్ష చేయాలంటే మామూలుగా చేతి నుంచి కాస్త రక్తం తీస్తే సరిపోతుంది. బ్లడ్ క్యాన్సర్ వచ్చినవారికి అలా కుదరదు. జబ్బే రక్తంలో ఉంది కాబట్టి, అందులో కనబడిన జన్యుమార్పు అమ్మానాన్నల నుంచి వచ్చిందా, క్యాన్సర్ కణాల్లో మధ్యలో పుట్టిందా అన్నది ఆ రక్తం ఒక్కటే చెప్పలేదు. ఈ తేడా తెలియకుండా పరీక్ష చేయిస్తే, లేని దోషం ఉందని ఇంటిల్లిపాదీ భయపడొచ్చు. ఉన్నదాన్ని లేదనుకుని, అదే మార్పు ఉన్న తమ్ముడి మూలుగనే రోగికి ఎక్కించే ప్రమాదమూ ఉంది. అందుకే ఈ పరీక్షను ఏ వరుసలో చేయించాలో వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక ఊరట. బ్లడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం వంశపారంపర్యం కాదు. సీఎంఎల్ (నెమ్మదిగా పెరిగే ఒక లుకేమియా)లో కనిపించే ఫిలడెల్ఫియా క్రోమోజోమ్, రక్తం చిక్కబడే జబ్బులో కనిపించే జాక్2 మార్పు వంటివి జీవితంలో మధ్యలో పుట్టేవే, పిల్లలకు సంక్రమించవు. అయితే ఎండీఎస్ (మూలుగ రక్తకణాలను సరిగా తయారుచేయలేని జబ్బు), ఏఎంఎల్ (వేగంగా ముదిరే మైలాయిడ్ లుకేమియా) వచ్చిన పెద్దవాళ్లలో సుమారు 5 నుంచి 10 శాతం మందికి పుట్టుకతోనే ఉన్న జన్యుమార్పు ఆ జబ్బుకు దారి తీస్తోందని ఇప్పుడు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 వర్గీకరణలో వీటికి ప్రత్యేక విభాగమే పెట్టింది. ఈ గైడ్ ప్రధానంగా ఆ రెండు జబ్బుల గురించి, కొంత ఏఎల్ఎల్ (పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫాయిడ్ లుకేమియా) గురించి.

1. పరీక్ష అవసరమా? ఈ గుర్తులు చూడండి

ఇంట్లో ఇద్దరు ముగ్గురికి లుకేమియా వచ్చి ఉంటేనే అనుమానించాలనుకోవడం పొరపాటు. పెద్దవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా బయటపడుతున్న వంశపారంపర్య జన్యువు డీడీఎక్స్41. దీనివల్ల వచ్చే జబ్బు చాలామందిలో అరవై దాటాకే మొదలవుతుంది, మగవాళ్లలో ఎక్కువ. అందువల్ల కుటుంబంలో ముందు ఎవరికీ రాలేదన్న జవాబు మామూలే. ఆ మార్పు ఉన్నవాళ్లలో చాలామందికి జబ్బు అసలు రాదు, కొందరు ఆ వయసు రాకముందే వేరే కారణంతో పోయి ఉంటారు. "అరవై అయిదేళ్లాయనకు వంశపారంపర్యం ఏమిటి" అని ఎవరైనా కొట్టిపారేస్తే ఈ జన్యువు పేరు చెప్పి అడగండి.

మిగతా గుర్తుల్లో ముఖ్యమైనది ప్లేట్‌లెట్ల చరిత్ర. రన్ఎక్స్1, ఏఎన్‌కేఆర్‌డీ26, ఈటీవీ6 అనే మూడు జన్యువుల్లో మార్పు ఉన్నవాళ్లకు లుకేమియాకు ఏళ్ల ముందునుంచే ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటాయి. దాన్ని ఐటీపీ (ఒంటి రోగనిరోధక శక్తే ప్లేట్‌లెట్లను నాశనం చేసే జబ్బు) అనుకుని స్టెరాయిడ్లు వాడిస్తారు, గుణం కనబడదు. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. జ్వరంలో చేసిన పరీక్షలో ప్లేట్‌లెట్లు ఎనభై వేలని వస్తే డెంగ్యూ ఖాతాలో వేసి ఊరుకుంటాం. జ్వరం తగ్గిన నెలా రెండు నెలలకు కూడా అవి అక్కడే ఉన్నాయా అని మళ్లీ చూసేవాళ్లు తక్కువ. పాత ఫైళ్లలో, మాస్టర్ హెల్త్ చెకప్ రిపోర్టుల్లో ఆ అంకెలు వెతికి పెట్టుకోండి.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్‌తో మాట్లాడాలి:

- ఎండీఎస్ యాభై ఏళ్లలోపే రావడం. పిల్లల్లో ఎండీఎస్, అందులోనూ 7వ క్రోమోజోమ్ ఒకటి లేకపోవడం. ఇక్కడ గాటా2, ఎస్ఏఎండీ9 జన్యువులను అనుమానిస్తారు.
- ఒంటి నిండా పులిపిర్లు, కాళ్ల వాపు, క్షయలాంటి ఇన్ఫెక్షన్లు పదేపదే రావడం. ఇదీ గాటా2 తీరే.
- ముప్పై లోపే జుట్టు నెరవడం, ఊపిరితిత్తులు గట్టిపడటం, మందు అలవాటు లేకుండానే లివర్ సిరోసిస్. ఇవి ఒకే మనిషిలో ఉండక్కర్లేదు, ఇంట్లో తలా ఒకరికి ఉన్నా టెలోమియర్ (క్రోమోజోముల చివర్లను కాపాడే భాగం) జబ్బును అనుమానించాలి.
- పొట్టిగా ఉండటం, బొటనవేలు సరిగా ఏర్పడకపోవడం, చర్మంపై కాఫీరంగు మచ్చలు. ఇవి ఫాంకోని అనీమియా (పుట్టుకతో ఉన్న లోపం వల్ల మూలుగ దెబ్బతినే జబ్బు)లో కనిపిస్తాయి.
- కీమో మామూలు డోసుకే ఒళ్లు తట్టుకోలేకపోవడం, రక్తకణాల కౌంట్లు వారాల తరబడి లేవకపోవడం.
- ఇదివరకే రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చి, ఆ చికిత్స తర్వాత లుకేమియా రావడం.
- ఏఎల్ఎల్‌లో క్రోమోజోములు బాగా తగ్గిన రకం రావడం. ఇందులో టీపీ53 తప్పక చూడాలి.

2. చేతిలో ఉన్న రిపోర్టును మళ్లీ చదవండి

ఏఎంఎల్, ఎండీఎస్ వచ్చినవారిలో చాలామందికి మొదట్లోనే ఎన్‌జీఎస్ మైలాయిడ్ ప్యానెల్ అనే, చాలా జన్యువులను ఒకేసారి చదివే పరీక్ష చేయించి ఉంటారు. అది క్యాన్సర్ కణాల పరీక్ష. వంశపారంపర్య పరీక్ష కాకపోయినా ఆచూకీ అందులో దొరకొచ్చు.

రిపోర్టులో జన్యువు పేరు పక్కన వీఏఎఫ్ అని ఒక శాతం ఉంటుంది. ఆ చోట చదివిన డీఎన్ఏ ముక్కల్లో ఎన్నింటిలో మార్పు ఉందో అది చెబుతుంది. ప్రతి జన్యువూ మనకు రెండు కాపీలు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. పుట్టుకతో ఒక కాపీలో మార్పు ఉంటే ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉంటుంది కనుక వీఏఎఫ్ 50 శాతం దగ్గర తేలుతుంది. అయితే మూలుగ నిండా క్యాన్సర్ కణాలే ఉంటే, మధ్యలో పుట్టిన మార్పు కూడా 50 దగ్గర కనిపించగలదు. కాబట్టి 30 శాతం దాటితే అనుమానించాలి, అంతే తప్ప నిర్ధారణ కాదు. జబ్బు రెమిషన్‌లోకి (అదుపులోకి వచ్చి క్యాన్సర్ కణాలు కనబడని స్థితిలోకి) వచ్చాక చేసిన రిపోర్టు కూడా ఉంటే రెండూ పక్కపక్కన పెట్టండి. మిగతా మార్పులన్నీ సున్నాకు పడిపోయి ఒక్కటి మాత్రం 48, 49 దగ్గరే నిలిచి ఉంటే అనుమానం బలపడుతుంది.

డీడీఎక్స్41లో ఒక తీరు గుర్తుపట్టడం తేలిక. ఒకే రిపోర్టులో ఆ జన్యువుకు రెండు మార్పులుంటాయి: ఒకటి 50 దగ్గర, రెండోది ఆర్525హెచ్ అనే పేరుతో బాగా తక్కువ శాతంలో. మొదటిది పుట్టుకతో వచ్చినది, రెండోది తర్వాత చేరినది కావడం ఇక్కడ ఎక్కువ. సీఈబీపీఏ అనే జన్యువులో రెండు మార్పులున్నా, వాటిలో ఒకటి పుట్టుకతో వచ్చిందా అని అడగాలి.

ప్యానెల్‌లో ఏమీ రాలేదంటే వంశపారంపర్యం లేదని కాదు. క్యాన్సర్ ప్యానెళ్లు పెద్ద ముక్కలు ఊడిపోయిన మార్పులను తరచూ పట్టలేవు. ఏఎన్‌కేఆర్‌డీ26లో మార్పులు జన్యువు మొదట్లో, ప్రోటీన్ రాయని భాగంలో ఉంటాయి. చాలా ప్యానెళ్లు ఆ భాగాన్ని చదవనే చదవవు.

3. వంశవృక్షం రాయండి

డాక్టర్ గదిలో అప్పటికప్పుడు గుర్తు తెచ్చుకుంటే సగం మర్చిపోతాం. ఇంట్లోనే కాగితం మీద మూడు తరాలు గీయండి. నాన్న వైపు, అమ్మ వైపు విడివిడిగా.

పెద్దవాళ్లను "మన ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా" అని అడిగితే లేదంటారు. వాళ్ల రోజుల్లో ఆ పేరు పెట్టిన డాక్టరే ఉండకపోవచ్చు. ఇలా అడిగి చూడండి: "మామ్మా, తాతయ్య తమ్ముడు ఎలా పోయాడు? రక్తం ఎక్కించేవాళ్లా? ఎన్నిసార్లు? పన్ను పీకితే రక్తం ఆగేది కాదా? అత్తయ్యకు కాన్పులో రక్తం బాగా పోయిందన్నారు, అంతకు ముందు కూడా అలాగే ఉండేదా? చిన్నప్పుడే జుట్టు ఎవరికి నెరిసింది?" 'రక్తం పట్టలేదు', 'పచ్చగా పాలిపోయి పోయాడు' అన్న మాటల్ని అన్నవి అన్నట్టే రాసుకోండి. వాటికి అర్థం డాక్టర్ చెబుతారు.

మేనరికాలు దాచొద్దు. అక్క కూతురిని, మేనత్త కొడుకుని చేసుకున్న పెళ్లిళ్లను వంశవృక్షంలో జంట గీతతో చూపిస్తారు. కారణం సూటిగా ఉంది: ఫాంకోని అనీమియా లాంటి జబ్బులు ఎక్కువగా రెండు కాపీలూ చెడితేనే వస్తాయి. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లయితే ఒకే చెడిన కాపీ ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెరుగుతుంది. ఏ జన్యువులు వెతకాలో ఆ గీత డాక్టర్‌కు చెబుతుంది. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఎవరూ అడగరు.

4. శాంపిల్: అసలు విషయం ఇక్కడే ఉంది

రక్తం ఎందుకు వద్దో పైన చెప్పాను. ఉమ్మి ఇస్తే సరిపోతుందని కొన్ని ల్యాబులు అంటాయి. ఉమ్మిలోనూ, బుగ్గ లోపల రుద్ది తీసిన స్వాబ్‌లోనూ తెల్లరక్తకణాలు బాగానే కలుస్తాయి. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు అవి కూడా రక్తంతో సమానమే.

రక్తం రెండు వైపులా మోసం చేయగలదు. వయసు పైబడినవాళ్లలో, కీమో తీసుకున్నవాళ్లలో రక్తకణాల్లో కొత్త మార్పులు పుడుతుంటాయి. టీపీ53 మార్పు తక్కువ శాతంలో కనబడితే అది చాలాసార్లు ఇలాంటిదే, లీ-ఫ్రామెనీ సిండ్రోమ్ (పుట్టుకతో ఉన్న టీపీ53 మార్పు వల్ల రకరకాల క్యాన్సర్లు వచ్చే జబ్బు) అని బెంబేలు పడక్కర్లేదు. ఇందుకు తిరగబడిన కథ ఎస్ఏఎండీ9, దాని జత జన్యువులది, ఫాంకోనిది. పుట్టుకతో ఉన్న మార్పును కొన్ని రక్తకణాలు వదిలించుకుంటాయి. ఒంటి నిండా మార్పు ఉన్నా రక్తంలో కనబడదు, రిపోర్టు 'నెగటివ్' అని వస్తుంది.

అందుకే అన్నిటికంటే నమ్మదగిన శాంపిల్ చర్మం ముక్క నుంచి ల్యాబ్‌లో పెంచిన (కల్చర్ చేసిన) ఫైబ్రోబ్లాస్ట్ కణాలు. పేరు విని టెన్షన్ పడకండి. మత్తు సూది వేసి, 3 మిల్లీమీటర్ల గుండ్రటి చిన్న ముక్క తీస్తారు. ఒక కుట్టు పడొచ్చు, పడకపోవచ్చు. మూలుగ పరీక్షకు ఎలాగూ నడుము దగ్గర మత్తు ఇస్తారు కనుక, "ఆ చోటే చర్మం ముక్క కూడా తీస్తారా?" అని ముందురోజే అడిగితే రెండు పనులూ ఒక సూదితో అయిపోతాయి. ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే ఎక్కించాక తీస్తారు. చర్మానికే లుకేమియా పాకిన చోట, దద్దుర్లున్న చోట తీయకూడదు.

ముక్క తీశాక ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. మన ఆసుపత్రుల్లో బయాప్సీ అనగానే ఫార్మలిన్ సీసాలో వేయడం అలవాటు. ఫార్మలిన్‌లో కణాలు చచ్చిపోతాయి, ఇక పెరగవు. ల్యాబ్ ఇచ్చిన కల్చర్ మీడియం సీసాలోనే వేయాలి. ఆ సీసా ముందే తెప్పించి, ఆ రోజు డ్యూటీలో ఉన్న సిస్టర్‌కు చూపించి, "ఇది ఫార్మలిన్‌లో కాదండీ, ఇందులో వేయాలి" అని మీ నోటితో చెప్పండి. ఎంత పెద్ద ఆసుపత్రైనా ఈ మాట చెప్పడానికి మొహమాటపడకండి.

కణాలు పెరగడానికి 3 నుంచి 6 వారాలు పడుతుంది, ఆ తర్వాత సీక్వెన్సింగ్, అంటే జన్యువులను చదవడం. మొత్తం రెండు నెలలు దాటొచ్చు.

కల్చర్ సౌకర్యం లేనప్పుడు దారులు లేకపోలేదు. వేళ్లతో సహా పీకిన వెంట్రుకలు, గోళ్లు కొన్ని ల్యాబులు తీసుకుంటాయి. డీఎన్ఏ తక్కువ వస్తుంది. వెంట్రుకలైతే కీమో మొదలవకముందే తీయాలి, తర్వాత తలమీద ఉండవు. ఇంకో దారి నాకు చాలా ఆచరణీయంగా అనిపిస్తుంది: రోగి ప్యానెల్‌లో ఫలానా మార్పు 50 శాతం దగ్గర ఉంటే, కౌంట్లు మామూలుగా ఉన్న అమ్మకో, నాన్నకో, అన్నకో రక్తంలో ఆ ఒక్క మార్పే వెతికించండి. వాళ్లలోనూ ఉంటే అది వంశపారంపర్యమని తేలినట్టే. లేకపోతే మాత్రం ఏమీ తేలలేదని అర్థం. రోగి చనిపోయిన ఇళ్లలో మిగిలేది చాలాసార్లు ఈ దారే.

ట్రాన్స్‌ప్లాంట్ ఇప్పటికే అయిపోయి ఉంటే రక్తం పనికిరాదు. అందులో ఉన్నది దాత డీఎన్ఏ. బుగ్గ స్వాబ్‌లో కూడా దాత కణాలు కలుస్తాయి. అప్పుడు చర్మమే గతి.

5. ల్యాబ్‌ను ఎంచుకునే ముందు

హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ జన్యుజబ్బుల విషయంలో ఏళ్లుగా పనిచేస్తున్నాయి. మీ హెమటాలజిస్ట్ ద్వారా అక్కడి జెనెటిసిస్ట్‌ను కలవడం మంచి మొదలు. ప్రైవేటు ల్యాబైతే డబ్బు కట్టేముందు వీటికి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా జవాబు తీసుకోండి:

- చర్మం కల్చర్ మీరే చేస్తారా, బయటికి పంపుతారా? కల్చర్ ఖర్చు ఈ ధరలో కలిసి ఉందా?
- డీడీఎక్స్41, గాటా2, ఏఎన్‌కేఆర్‌డీ26, ఎస్ఏఎండీ9, టెలోమియర్ జన్యువులు ఉన్నాయా? ప్రోటీన్ రాయని భాగాలు చదువుతారా?
- పెద్ద ముక్కల లోపాలు పడతాయా?
- మార్పు దొరికితే తోబుట్టువులకు ఆ ఒక్కదాని పరీక్ష ఎంత? ఎన్ని రోజులు?

మామూలు 'హెరిడిటరీ క్యాన్సర్ ప్యానెల్' అంటే చాలా ల్యాబుల్లో రొమ్ము, పేగు క్యాన్సర్ల జన్యువులే. బ్లడ్ క్యాన్సర్ జన్యువులు అందులో ఉండకపోవచ్చు. ఫాంకోని అనుమానం ఉంటే క్రోమోజోములు తేలిగ్గా విరుగుతున్నాయా అని చూసే క్రోమోజోమ్ బ్రేకేజ్ పరీక్ష, టెలోమియర్ అనుమానం ఉంటే టెలోమియర్ల పొడవు కొలిచే పరీక్ష విడిగా అడగాలి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ కింద చికిత్స పొందుతున్నవాళ్లు ఇందులో ఏది వర్తిస్తుందో ఆసుపత్రి కౌంటర్‌లోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

6. డోనర్ విషయం తేలేలోపే పరీక్ష తేలాలి

ఈ మెట్టు ఆలస్యమైతే మిగతావన్నీ సరిగా చేసినా లాభం సగం పోతుంది. ట్రాన్స్‌ప్లాంట్ అవసరమైతే ముందు తోబుట్టువులను చూస్తారు. ఒక్కొక్కరికీ పూర్తిగా మ్యాచ్ అయ్యే అవకాశం 25 శాతం. ఒక కాపీ చెడితే చాలనే మార్పులు తోబుట్టువులకు ఉండే అవకాశం 50 శాతం. సగం మ్యాచ్ ట్రాన్స్‌ప్లాంట్‌కు కొడుకునో కూతురినో ఎంచుకున్నా అంతే. ఆ మార్పున్న మూలుగ ఎక్కిస్తే కణాలు సరిగా కుదురుకోకపోవచ్చు, కొన్నేళ్లకు దాత కణాల్లోంచే కొత్త లుకేమియా పుట్టొచ్చు. అలా జరిగిన కేసులు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి.

లెక్క వేసుకోండి. ఏఎంఎల్ మొదటి కీమో, కౌంట్లు కోలుకోవడం కలిపి సుమారు నెల. చర్మం పరీక్షకు రెండు నెలలు. అంటే జబ్బు నిర్ధారణ అయిన మొదటి వారంలోనే చర్మం తీస్తే ట్రాన్స్‌ప్లాంట్ నాటికి జవాబు చేతికొస్తుంది. డోనర్ ఖాయమయ్యాక మొదలుపెడితే రాదు. జబ్బు ఆగదు కాబట్టి జవాబు కోసం ట్రాన్స్‌ప్లాంట్ ఆపమని చెప్పలేం.

తోబుట్టువుకు అదే మార్పు ఉంటే, ఆ మార్పు లేని ఇంకొక బంధువును గానీ, దాత్రి వంటి రిజిస్ట్రీల (మూలుగ కణాల దాతల జాబితాల) ద్వారా బయటి దాతను గానీ చూస్తారు. రోగి చికిత్స కూడా మారొచ్చు. ఫాంకోనిలో ట్రాన్స్‌ప్లాంట్ ముందు ఇచ్చే కీమో బాగా తగ్గిస్తారు, టీపీ53లో వీలైనంతవరకు రేడియేషన్ వద్దనుకుంటారు, టెలోమియర్ జబ్బులో ఊపిరితిత్తులు, లివర్ మీద కన్నేసి ఉంచుతారు.

దాత మనసు గురించి ఎవరూ ముందు మాట్లాడరు. అక్కను బతికించుకుందామని వచ్చిన తమ్ముడికి "నువ్వు ఇవ్వకూడదు, నీకూ ఈ మార్పు ఉంది" అని ఒకే రోజు చెబితే అది రెండు దెబ్బలు. రక్తం తీసేముందే అతనికి విడిగా, వీలైతే జెనెటిక్ కౌన్సెలర్ సమక్షంలో చెప్పాలి. ఒప్పుకోవడం, వద్దనడం అతని ఇష్టం. అతని రిపోర్టు మొదట అతని చేతికే వెళ్లాలి.

7. రిపోర్టు చదవడం

మార్పులను అయిదు తరగతులుగా రాస్తారు. పైన ఉన్న రెండూ, అంటే పాథోజెనిక్, లైక్లీ పాథోజెనిక్, నిర్ణయాలకు ఆధారం. కింద ఉన్న రెండూ హాని లేనివి. మధ్యలోది వీయూఎస్, అంటే హానికరమో కాదో ఇంకా తెలియని మార్పు. ప్రపంచ జన్యు డేటాబేసుల్లో యూరప్ మూలాలున్నవాళ్లే ఎక్కువ, మనవాళ్లు తక్కువ. అందువల్ల మనకు వీయూఎస్‌లు ఎక్కువ వస్తాయి. దాన్ని పట్టుకుని పిల్లలందరికీ పరీక్షలు చేయించొద్దు. ఏడాదికో రెండేళ్లకో ల్యాబ్‌ను మళ్లీ చూడమని అడగండి. తరగతి మారడం జరిగే పనే.

8. పాజిటివ్ వస్తే ఇంట్లో వాళ్లకు

మార్పు ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు. జన్యువును బట్టి ప్రమాదం మారుతుంది. రన్ఎక్స్1 ఉన్నవాళ్లలో జీవితకాలంలో రక్త క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 35 నుంచి 45 శాతం. డీడీఎక్స్41 ఉన్నవాళ్లలో చాలామందికి రాదు. సీఈబీపీఏలో దాదాపు అందరికీ వస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి సాధారణంగా చేసేది ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష), మొదట్లో ఒకసారి మూలుగ పరీక్ష అవసరమా అన్న చర్చ. రన్ఎక్స్1 ఉన్నవాళ్లు ఆస్పిరిన్ జోలికి పోకూడదు, పన్ను పీకించుకునేముందు కూడా డెంటిస్ట్‌కు చెప్పాలి.

పిల్లలకు ఎప్పుడు? గాటా2, రన్ఎక్స్1, టీపీ53, ఫాంకోనిలో చిన్న వయసులోనే ప్రమాదం ఉంది కనుక చిన్నప్పుడే చూస్తారు. డీడీఎక్స్41 అయితే పద్దెనిమిది నిండి, వాళ్లే నిర్ణయించుకునేదాకా ఆగడం మంచిది. ఆడపిల్ల సంబంధాలు చెడతాయని చాలామంది ఈ మాటే ఎత్తరు. ఆ భయం నాకు అర్థమవుతుంది, అయినా రిపోర్టు గోప్యంగా ఉంచుకోవడం వేరు, పిల్లకు ఎప్పటికీ చెప్పకపోవడం వేరు. ఫాంకోని లాంటి జబ్బు ఉన్న ఇంట్లో తర్వాతి కాన్పుకు ముందు కౌన్సెలింగ్, గర్భంలో పరీక్ష అందుబాటులో ఉన్నాయి. పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్టరైన కేంద్రాల్లోనే చేయించాలి, లింగం చెప్పరు.

తోబుట్టువులు అమెరికాలో ఉంటే మార్పు పేరు అక్షరం పోకుండా ఉన్న రిపోర్టు పేజీని పీడీఎఫ్‌గా పంపండి. అక్కడి ల్యాబ్ ఆ ఒక్కదాన్నే చూస్తుంది. అక్కడ 2008 నాటి జీనా చట్టం ఆరోగ్య బీమాకు, ఉద్యోగానికి రక్షణ ఇస్తుంది, జీవిత బీమాకు ఇవ్వదు. మన దేశంలో దీనికంటూ ప్రత్యేక చట్టం లేదు. అక్కడైనా ఇక్కడైనా జీవిత బీమా తీసుకునే ఆలోచన ఉంటే పరీక్షకు ముందే ఆ సంగతి చూసుకోమని చెప్పండి.

మీ దగ్గర మొదటి ఎన్‌జీఎస్ ప్యానెల్, చర్మం రిపోర్టు, వంశవృక్షం, పాత సీబీసీలు ఒకే ఫైల్‌లో ఉంచి, ఇంట్లో ఇంకొకరికి కూడా ఎక్కడుందో చెప్పండి. చర్మకణాలు, డీఎన్ఏ మిగిలి ఉంటే ఎన్నాళ్లు దాస్తారో ల్యాబ్‌ను అడగండి. పదేళ్ల తర్వాత మనవడికి పరీక్ష అవసరమైతే వెతకాల్సింది ఆ ఫైలే.